నాపరాళ్ల మీద ఒకటో తరగతి

శేర్లూ మణుగులూ పోయి కిలోలు వచ్చిన ఏడు అది. సూర్యాపేట అంగడిలో ఏ దుకాణం ముందు చూసినా అదే రభస. కొత్త తూకంరాళ్లు తమను ముంచుతున్నాయని కొనేవాళ్లు, కాదు తామే మునుగుతున్నామని అమ్మేవాళ్లు. ఆ అరుపుల మధ్య గొంగడి భుజాన వేసుకున్న ఒక ఆడమనిషి, ఎదురైన ప్రతివాళ్లనూ ఒకే మాట అడుగుతూ నడుస్తున్నది.

"అయ్యా, బళ్లె సదివే పుస్తకాలు యాడ అమ్ముతరు?"

ఆమె పేరు రేణుకమ్మ. ఆత్మకూరు పక్కన చిన్న పల్లె ఆమెది. మొగుడు ఉప్పలయ్యకు నూటనలభై గొర్రెలు, పది మేకలు ఉన్నాయి. ఏటా పుష్యమాసం వచ్చేసరికి ఊళ్లో మేత అయిపోతుంది. మందను తోలుకుని సూర్యాపేట, కోదాడ దాటి మఠంపల్లి దగ్గర కృష్ణ ఒడ్డుకు పోవాలి. తొలకరి పడితేనే తిరిగి రావడం. పిల్లలను ఊళ్లో వదిలి పోదామంటే ఇంట్లో పెద్దదిక్కు లేదు. అందుకే అందరూ సైది అని పిలిచే ఎనిమిదేళ్ల సైదమ్మ వానాకాలం పనులయ్యాక దసరా తర్వాత బడికి పోవడం, పుష్యంలో మానడం రెండేళ్లుగా జరుగుతున్నది. అచ్చులు దాటకముందే పేరు కొట్టేస్తారు. మరుసటేడు మళ్లీ అ, ఆల దగ్గరే మొదలు. ఆరేళ్ల తమ్ముడు యాదయ్యకూ ఇక అదే గతి.

బడి పంతులు తులసీరాం సారు చెడ్డవాడేం కాదు. మొన్న రేణుకమ్మ పోయి అడిగితే కుర్చీలోంచి లేచి వచ్చి మరీ చెప్పాడు.

"హాజరు లేంది పై తరగతికి పంపరాదు రేణుకమ్మా. అది నా చేతుల లేదు. గని ఇంటికాడ సదువుకున్న పిల్లలకు పరీక్ష పెట్టి చేర్చుకునే దారున్నది. తొలకరికి వచ్చినప్పుడు తీసుకరా. చదివితే రెండో తరగతిల కూసోబెడుత."

"గొర్లకాడ ఎవలు జెప్తరు సారూ?"

"నువ్వే చెప్పుకోవాలె."

తనకు అక్షరం ముక్క రాదని ఆయనకూ తెలుసు. ఏ పుస్తకం కొనమంటారని ఆమె అడిగితే, "సూర్యాపేటల మస్తుగ దొరుకుతయి, నీకు నచ్చింది కొను" అనేసి ఆయన పిల్లల వైపు తిరిగాడు. ఏదో మాటవరసకు అన్న మాట. రేణుకమ్మ మాత్రం దాన్ని పట్టుకుని పదిమైళ్లు నడిచివచ్చింది.

నర్సింగరావు అనే షావుకారుకు గింజల దుకాణం ఉంది. దాని ముందరి అరలో పలకలూ పుస్తకాలూ కూడా పెట్టి అమ్ముతాడు. ఆ పూట ఆయన తూకంరాళ్ల పంచాయితీకి పోయాడు. గల్లా దగ్గర భార్య రుక్మిణమ్మ కూర్చుని ఉంది. రేణుకమ్మ విషయమంతా చెప్పింది.

"నచ్చింది కొనుమన్నడా?" రుక్మిణమ్మకు నవ్వొచ్చింది. "సదువు రానిదానివి, యెట్ల ఎంచుకుంటవమ్మా?"

"నువ్వు సదువు తల్లీ. నేను ఇంట."

రుక్మిణమ్మ నవ్వు ఆగిపోయింది. అరలోంచి మూడు పుస్తకాలు తీసి ముందు పెట్టుకుంది.

మొదటిది లావు పుస్తకం. నెలల పేర్ల నుంచి నీతి పద్యాల దాకా అందులో లేనిది లేదు. రుక్మిణమ్మ ఒక పేజీ చదువుతుంటే రేణుకమ్మ కళ్లు మూసుకుని విన్నది. "పెండ్లిల అయ్యగారు సదివినట్టున్నదమ్మా. ఇనసొంపుగ ఉన్నది. గని ఒక్క ముక్క కడుపులకు పోతలేదు."

రెండోది బెజవాడలో అచ్చయింది. రంగుల బొమ్మలు, సముద్రం, పడవలు. "నువ్వు సూసినవా అమ్మా, గీ సముద్రం?" అని అడిగింది రేణుకమ్మ. లేదన్నది రుక్మిణమ్మ. "మరి నా బిడ్డ అడిగితే నేనేం జెప్పాలె?" పేజీలు తిప్పుతుంటే ఒకచోట గొర్రె బొమ్మ కనబడింది. తెల్లగా, బొద్దుగా, ఒళ్లంతా ఉంగరాల ఉన్ని. రేణుకమ్మ పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. "గిది గొర్రె గాదు తల్లీ, పత్తి మూట. దీన్ని జూసి మా పోరగాండ్లు పుస్తకం మొత్తం అబద్ధమనుకుంటరు."

మూడోది పలచటిది. అట్ట మీద బొమ్మ కూడా లేదు. రుక్మిణమ్మ చదివింది. "తెల్లవారింది. కోడి కూసింది. అమ్మ లేచింది. వాకిలి ఊడ్చింది. వాన వచ్చింది. వాగు పారింది."

రేణుకమ్మ కళ్లు తెరిచింది. "ఇంకోపాలి సదువు."

మళ్లీ చదివింది. వాగు పారిందన్న చోట రేణుకమ్మ పెదవులు కూడా కదిలాయి. "గిదియ్యి" అన్నది.

ఎక్కాల పట్టీలు రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో శేర్ల లెక్క, ఇంకోదాంట్లో కిలోల లెక్క. శేర్లయితే ఆమెకు తెలుసు, పిల్లలకు నోటితో చెప్పగలదు. చాలాసేపు రెంటినీ చూసి, "మా పిల్లలు పెద్దగయ్యేనాటికి యేది ఉంటదమ్మా?" అని అడిగింది.

"కిలోలే."

"అయితే నాకు తెల్వనిదే ఇయ్యి."

పుస్తకం, పట్టీ, ఒక పలక, నాలుగు బలపాలు గొంగడిలో చుట్టుకుంది. కానీ గడప దిగలేదు. "అమ్మా, నువ్వు గింత దూరం సదివి ఇనిపిస్తివి. గీ పుస్తకం మొత్తం సదువుతవా? నా తలకాయల పెట్టుకుంట."

"మొత్తమే? ముప్పయిరెండు పాఠాలున్నయి!"

"నన్ను గన్న మా అవ్వ నాకు కథలు గట్లనే నేర్పింది. ఒక్కో కథ తెల్లారేదాక ఉండేది. ఇది యెంత?"

రుక్మిణమ్మ ఆమెను లోపలికి పిలిచి బియ్యం బస్తాల పక్కన కూర్చోబెట్టింది. తనూ బడి గడప తొక్కలేదనీ, తండ్రి దుకాణంలో బస్తాల మీది రాతలు చూసి చూసి చదువు పట్టుకున్నాననీ అప్పుడు చెప్పింది. ఆ రోజు పది పాఠాలు, పై వారం అంగడిలో పది, ఆ పై వారం మిగిలినవి. అన్నీ విన్న రోజున రేణుకమ్మ ముప్పయిరెండూ మొదటి నుంచి ఒప్పజెప్పింది. రుక్మిణమ్మ పుస్తకంలో వేలు జరుపుకుంటూ కూర్చుంది. చివరి మాట అయ్యాక పుస్తకం మూసింది.

"ఒక్క అక్షరం పోలేదమ్మా. నేను సూసుకుంట సదివినా రెండు తప్పులు పోతయి."

అందులో అంత వింత ఏముందో రేణుకమ్మకు అర్థం కాలేదు.

"ఇగ ఇను" అన్నది రుక్మిణమ్మ. "నువ్వు సెప్పుతుంటే పిల్ల ఏలు అక్షరాల మీద నడవాలె. మాటకూ మాటకూ నడుమ జర జాగ ఉంటది. నీ నోరు గాడ ఆగాలె, పిల్ల ఏలు గాడ ఆగాలె. రెండూ కలిసిననాడు సదువు వచ్చినట్టు."

పుష్యంలో మంద కదిలింది. మధ్యాహ్నం ఎండకు గొర్రెలు తలలు దించుకుని ఒకదాని నీడలో ఒకటి నిలబడే వేళ, తుమ్మచెట్టు కింద పాఠం. రేణుకమ్మ చెబుతుంది, సైది వేలు జరుపుతుంది, యాదయ్య పక్కన కూర్చుని మేకపెంటికలు లెక్కబెడతాడు.

"గొర్లకాడ సదువేందే? గొర్లు నవ్వుతయి" అన్నాడు ఉప్పలయ్య.

పది రోజులైనా నోరూ వేలూ కలవలేదు. వరస చివరకు వేలు వచ్చేసరికి నోట్లో ఇంకా మూడు మాటలు మిగిలేవి. ఒకోసారి నోరు ఖాళీ అయితే వేలి ముందు అక్షరాలు మిగిలేవి. సైది విసుక్కుని పుస్తకం పక్కకు నెట్టేది. తను కొన్నది తప్పుడు పుస్తకమేమోనని రేణుకమ్మకు భయం పట్టుకుంది.

పదకొండో రోజున సైది వేలు మధ్యలో ఆగిపోయింది.

"అవ్వా, ఆగు. అమ్మ అను."

"అమ్మ."

"మేక అను. మబ్బు అను." సైది పేజీలో అక్కడొకటి, ఇక్కడొకటి వేలితో పొడిచింది. "నువ్వు మ్ అని మూతి మూసినప్పుడల్లా గిదే వస్తున్నది సూడు. గీ మొకమే."

రేణుకమ్మ వంగి చూసింది. ఇన్నాళ్లూ చీమల బారులాగా కనబడిన పేజీలో ఆ ఒక్క అక్షరం మందలోంచి తన గొర్రె తల ఎత్తి చూసినట్టు చూసింది. ఒకటి. అదిగో ఇంకొకటి. తన నోట్లోంచి వచ్చే గాలికి ఒక ముఖం ఉందని ఆమెకు ముప్పయ్యేళ్లలో ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత సైదిని ఆపడం ఎవరి తరమూ కాలేదు. గొర్రెల్ని ముఖాలతో గుర్తుపట్టే ఇంటి పిల్ల. మ తల్లి అయితే మా, మి, మీ దాని పిల్లలని, తల్లి పోలిక అట్లాగే ఉండి తోక ఒక్కటే మారిందని తమ్ముడికి చెప్పింది. కోదాడ దాటుతుంటే రోడ్డు పక్క బియ్యం మిల్లు బోర్డు ముందు నిలబడిపోయి, "మి... మిల్... మిల్లు!" అని కేక పెట్టింది. గేటు దగ్గర తవుడు చెరుగుతున్న ఆడమనిషి చేట దించి చూసింది.

"ఏ బళ్లో చదువుతుందమ్మా మీ పాప?"

రేణుకమ్మ నడిచివచ్చిన దారి వైపు చూపించింది. "ఈ తొవ్వలనే" అన్నది.

మఠంపల్లి చేరాక గేమ్యా అనే లంబాడీ రైతు చేలో మంద పెట్టారు. పక్కనే తండా. చేను దిగితే కృష్ణ ఒడ్డు దాకా నాపరాళ్లే. ఇంటి వాకిలంత వెడల్పున, నున్నగా, నీలిబూడిద రంగులో, ఒకదాని పక్కన ఒకటి పరిచినట్టు ఉంటాయి. అక్కడికి వచ్చిన మూడో రోజున, నీళ్లకు పోయి వచ్చేసరికి, చెట్టు కింద పెట్టిన పుస్తకాన్ని నల్లమేక నములుతున్నది. సైది గుంజుకునేసరికి ఎనిమిది పాఠాలే మిగిలాయి. మిగతాదంతా మేక కడుపులోకి పోయింది.

సైది నేల మీద పడి ఏడ్చింది. మేక దగ్గర ఉండాల్సింది తనేనని యాదయ్యా ఏడ్చాడు. రేణుకమ్మ ఆ చిరిగిన అట్టను చేతిలోకి తీసుకుని చూసింది. అంతలో ఆమెకు నవ్వొచ్చింది.

"లెవ్వే. మేక తిన్నది కాయితం. నా నోట్లున్న పుస్తకాన్ని యే మేక తింటది? తొమ్మిదో పాఠం నేను జెప్త. నువ్వు రాయి."

"యాడ రాయాలె? పలక సాలది."

రేణుకమ్మ నాపరాళ్ల వైపు చూసింది.

బలపాలు ఎప్పుడో అయిపోయాయి. వాగు గండిలో తెల్ల సుద్దగడ్డలు దొరికాయి. ఆ మధ్యాహ్నం నుంచి సైది మోకాళ్ల మీద పాకుతూ రాయడం మొదలుపెట్టింది. ఒక్కో పాఠానికి ఒక్కో రాయి. తెలియని అక్షరం వస్తే మిగిలిన ఎనిమిది పాఠాల్లో వెతికేది. అక్కడా లేకపోతే తనే ఒక గుర్తు పెట్టుకునేది. రేణుకమ్మ ఒక మాట చెప్పి ఆగుతుంది, సైది రాసి తల ఎత్తుతుంది, మరో మాట. మొదట వారానికి రెండు రాళ్లు కూడా నిండలేదు. మాఘం పోయి ఫాల్గుణం వచ్చేసరికి వారానికి మూడేసి నిండాయి.

ఒక పొద్దున గేమ్యా అటు వచ్చాడు. రాళ్ల అంచున టక్కున ఆగాడు. ఎదురుగా చేను గట్టు నుంచి నీటి దాకా తెల్లటి అక్షరాలు. ఆయన చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, రాళ్ల సందుల్లో వేళ్ల మీద నడుస్తూ వచ్చాడు.

"ఎవలు రాసిన్రు గిదంత?"

"మా బిడ్డ."

"సారు ఎవలు?"

"మా అవ్వే" అన్నది సైది. గేమ్యా ఆమెను తల నుంచి పాదాల దాకా చూసి, తండాకు పోయి కూతురు ద్వాళిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. సైది ద్వాళి పేరు ఒక రాయి మీద రాసి చూపెట్టింది. ద్వాళి ఆ పేరు పక్కన పొద్దుగూకేదాకా కూర్చుంది, లేస్తే అది పోతుందేమోనన్నట్టు.

మరునాడు ఉప్పలయ్య మందను నీళ్లకు తోలే వేళ, రాళ్ల మీదుగా పోయే దగ్గర దారి వదిలి, చేను చుట్టూ తిప్పి అరమైలు దూరం నుంచి తీసుకుపోయాడు. ఎందుకని యాదయ్య అడిగితే, "అచ్చరాల మీద గిట్టలు పెడుతరార?" అన్నాడు. ఆ తర్వాత ఏ రోజూ దగ్గర దారిన తోలలేదు.

చైత్రంలో ముప్పయిరెండో పాఠం అయిపోయింది. సైది సుద్ద దులుపుకుని, "ఇంక జెప్పవ్వా" అన్నది.

"ఖతమాయె బిడ్డా. పుస్తకం గంతే."

"పుస్తకం గాంది జెప్పు. నీ తలకాయల ఇంకేం లేదా?"

పుస్తకంలో లేనిది రాయొచ్చని రేణుకమ్మకు తెలియదు. ఆలోచించి ఆలోచించి, సైది పుట్టకముందే చనిపోయిన తన తల్లి, మంద వెంట నడుస్తూ చెప్పే మాటలు చెప్పింది. ఆ తల్లి పేరే బిడ్డకు పెట్టుకుంది. సైది విన్నది విన్నట్టు రాసింది. రేణుకమ్మకు సందేహం వచ్చింది. "పుస్తకంల మాటలు గిట్లుండయి గదనే." "నువ్వన్నది గిట్లనే గద" అని సైది రాస్తూ పోయింది.

మరునాటి పొద్దున రేణుకమ్మ కృష్ణలో నీళ్లు ముంచుకుని కుండ నెత్తిన పెట్టుకుని ఎక్కి వస్తున్నది. పైన రాళ్ల మీద సైది, ద్వాళికి చదివి వినిపిస్తున్నది. ఒక్కో మాట దగ్గర ఆగుతూ, వేలు జరుపుతూ.

"ఈనిన గొర్రెకు... నువ్వు తాగే నీళ్లే... పెట్టు. మబ్బు ఎర్రగుంటే... మందను మెరకకు తోలు. తప్పిపోయినదాన్ని... తిట్టుకుంట ఎతకకు. పాడుకుంట ఎతుకు."

రేణుకమ్మ కాళ్లు నిలిచిపోయాయి. అవి తన తల్లి మాటలు. గాలిలో పుట్టి గాలిలో పోయిన మాటలు. పదేళ్ల కింద ఆ మనిషిని మన్ను చేసి వచ్చిన రోజున ఆ గొంతూ పోయిందనుకుంది. ఇప్పుడు ఆమెను కంటితో చూడని పిల్ల, ఏ గొంతూ వినకుండా, ఒట్టి రాయిని చూసి ఆమె మాట పలుకుతున్నది. తిట్టుకుంట ఎతకకు అన్న చోట అవ్వ కొంచెం ఆగేది. సైదీ అక్కడ ఆగింది.

కుండ దించి రేణుకమ్మ ఆ రాయి దగ్గరకు వచ్చింది. తాకబోయి చెయ్యి వెనక్కు తీసుకుంది. చివరకు మోకాళ్ల మీద కూర్చుని, అక్షరాలకు తగలకుండా రాయి అంచున అరచేయి ఆనించింది. ఎండకు వెచ్చగా ఉంది.

"అవ్వా, ఏడుస్తున్నవా?"

"లేదు. ఇంకోపాలి సదువు."

తొలకరికి ముందే గాలివానలు మొదలయ్యాయి. ఒక్క వానకు రాళ్లన్నీ కడుక్కుపోయాయి. సైది దిగులు పడలేదు, అన్నీ వచ్చు కదా అన్నది. మంద తిరుగుముఖం పట్టింది.

బడి తెరిచిన వారానికి తులసీరాం సారు పరీక్ష పెట్టాడు. అక్క పట్టీ చదివి నేర్పగా యాదయ్య కిలోకు వెయ్యి గ్రాములని, నూటయాభై జీవాల్లో ముప్పయి పోతే నూటఇరవై అని లెక్కలు చెప్పాడు. వాడిని ఒకటో తరగతిలో ముందు వరసలో కూర్చోబెట్టారు. సైదికి ఇచ్చిన ఒకటో తరగతి పుస్తకం, మేక తిన్నటువంటి పలచటి పుస్తకమే. ఎక్కడ తెరిచినా ఆమె చదివేసింది. సారు ముఖం చిట్లించాడు.

"బట్టీ పట్టిందమ్మా ఇది. అక్షరం సూస్తలేదు."

రేణుకమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. బట్టీ పట్టింది తనే, బిడ్డ కాదని ఎట్లా చెప్పడం? సారు లేచి బీరువాలోంచి పెద్ద తరగతి పిల్లల పుస్తకం ఒకటి తీసి, మధ్యలో తెరిచి ముందు పెట్టాడు.

"ఇది సదువు."

సైది ఆ పేజీని కాసేపు చూసింది. వేలు మొదటి మాట మీద పెట్టింది. అలవాటుగా రేణుకమ్మ పెదవులు కదలబోయాయి. కానీ చెప్పడానికి అక్కడ ఏమీ లేదు. ఆ పేజీ తన తలలో లేదు. రుక్మిణమ్మ చదివింది కాదు, అవ్వ చెప్పింది కాదు. ఇన్నాళ్లూ బిడ్డ చదివిన ప్రతి మాటా ముందు తన నోట్లో పుట్టిందే. ఇది ఎక్కడిదో.

"ఆ... దేశంలో" అన్నది సైది. ఆగింది. "చలి... చలికాలంలో... నీళ్లు గడ్డ... గడ్డకడతాయి. నది... రాయిలాగా... అవుతుంది. మనుషులు నది మీద... నడుస్తారు."

సారు చేతిలోని బెత్తం బల్ల మీద పెట్టేశాడు.

రేణుకమ్మ గుమ్మం పట్టుకుంది. నాలుగు నెలలు కృష్ణ పక్కన ఉండి వచ్చిన మనిషి. నది మీద మనుషులు నడవడం ఆమె కలలో కూడా కనలేదు. అటువంటి చోటు ఒకటుందని తన కడుపున పుట్టిన పిల్ల తనకు చెబుతున్నది, తను ఎన్నడూ పోలేని చోటు నుంచి. సంతోషం కన్నా ముందు ఆమెకు భయమేసింది. ఆ భయం చాలా గొప్పగా ఉంది.

"సారూ" అన్నది మెల్లగా. "అది నిజమేనా? నది మీద నడుస్తరా?"

"నిజమే రేణుకమ్మా" అన్నాడు తులసీరాం సారు.

సైది తల ఎత్తలేదు. వేలు అప్పటికే కింది వరసలోకి దిగింది.